మౌనభంగానికి సంజాయిషీ

గుండ్లవాగు మండలానికి దుఃఖించమని ఉత్తర్వు వచ్చింది.

సాయంత్రం బడి వదిలే వేళకు హైస్కూలు హెడ్మాస్టరు కోటిలింగంగారి ఫోను టింగుమంది. ఆ చప్పుడు వింటేనే ఆయనకు ముచ్చెమటలు పడతాయి. పోయిన నెల చెట్లు నాటమన్నారు, నాటిన చెట్లతో ఫొటో దిగమన్నారు. మొన్న ఆనంద వారోత్సవాలని చెప్పి రోజూ ప్రార్థన కాగానే పిల్లలూ పంతుళ్ళూ కలిసి నవ్వమన్నారు. లెక్కల మాస్టారు మనస్ఫూర్తిగా నవ్వలేదని మెమో కూడా ఇచ్చారు. ఇప్పుడేమో ఏడవమంటున్నారు.

ప్రపంచంలో జరిగిన మారణహోమాలను, ముఖ్యంగా ఐరోపాలో యూదులను లక్షలకు లక్షలుగా ఊచకోత కోసిన చరిత్రను పిల్లలకు బోధించి, మండలమంతా స్మృతిదినం జరపాలని ఉత్తర్వు సారాంశం. ఇంతవరకు మంచి మాటే. కాకపోతే కింద నిబంధనలున్నాయి. కార్యక్రమం అంగరంగ వైభవంగా జరగాలి. నూటికి నూరు శాతం పాల్గొనాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ ఎవరి మనోభావాలూ దెబ్బతినరాదు.

"మేడం, ఈ చచ్చిపోయినోళ్ళ సంగతి సైన్సులోకి వచ్చుద్దా, సోషల్లోకి వచ్చుద్దా?" అని అడిగారు కోటిలింగంగారు.

"సోషలేనండి," అంది సువార్త టీచరు.

"అమ్మయ్య! అయితే మీదే," అని ఫోను ఆమె చేతిలో పెట్టి ఆయన సంచీ తగిలించుకున్నారు.

సువార్త ఉత్తర్వు చివరిదాకా చదివింది. అట్టడుగున ఒక వాక్యం ఉంది. స్థానికంగా స్మారక స్థలాలేవైనా ఉన్న యెడల వాటిని కూడా కార్యక్రమంలో చేర్చవచ్చును. ఆ వాక్యాన్ని ఆమె మళ్ళీ మొదటినుంచీ చదివింది. ఎవరు రాశారో గాని, వాళ్ళ కడుపు చల్లగా ఉండాలనుకుంది.

దిగువపేట ఆమె పుట్టిన పేట. ఆమె ఆరో తరగతిలో ఉండగా ఒక మిట్టమధ్యాహ్నం పెద్దవీధి జనం గొడ్డళ్ళతో పేట మీద పడ్డారు. కాలవ గట్టున ఐదుగురిని నరికారు. వాళ్ళలో సువార్త అన్న మోషే ఒకడు. కేసు నడిచింది, నడిచి నడిచి పడుకుంది. నరికిందెవరో తేలలేదన్నారు. ఊళ్ళో ఎవరూ ఆ సంగతి ఎత్తరు. ఎత్తక తప్పకపోతే 'ఆ గొడవ' అంటారు, అనేసి వానల సంగతి మాట్లాడతారు.

పేటవాళ్ళు తలా కాస్త వేసుకుని కాలవ గట్టున నల్లరాయి నిలబెట్టారు. పేర్లు చెక్కే మనిషి ఉలి తీసిన రోజునే కబురు వచ్చింది. పేర్లు చెక్కితే కొందరి మనోభావాలు దెబ్బతినే అవకాశమున్నందున విచారణ పూర్తయ్యే వరకు ఆగవలెనని. విచారణ ఇంకా జరుగుతూనే ఉంది. రాయి ఇంకా నున్నగానే ఉంది. సువార్త తల్లి దానమ్మ ఆదివారం ఆదివారం వెళ్ళి కొంగుతో రాయి తుడిచి వస్తుంది. ఆమెకు చదువు రాదు. కానీ 'మోషే' అన్న రెండక్షరాలూ ఎట్లా ఉంటాయో కూతురి దగ్గర పట్టుబట్టి నేర్చుకుంది, చెక్కిన రోజున తనంతట తాను చూసుకోవాలని. ఆ రోజు కోసమే సువార్త ప్రతి కొత్త ఆఫీసరుకూ అర్జీ పెడుతూ వచ్చింది.

మర్నాడు తొమ్మిదో తరగతిలో ఆమె పాఠం మొదలుపెట్టింది. ఐరోపాలో అట్లా చనిపోయిన యూదుల ఫొటోలు గోడకు పెట్టి, పేర్లు బోర్డు మీద రాసింది. రాహేలు, యాకోబు, దావీదు, ఇస్సాకు, మోషే. వెనక బెంచీ పిల్ల ఒకతె లేచి నిలబడింది.

"టీచర్, వీళ్ళంతా మన దిగువపేటోళ్ళా?"

క్లాసంతా నవ్వింది. సువార్త నవ్వబోయి ఆగిపోయింది. ఆ పిల్లే మళ్ళీ అడిగింది, "చంపేటప్పుడు పక్కింటోళ్ళు ఏం చేశారు టీచర్?"

"చాలామంది తలుపులేసుకున్నారమ్మా," అంది సువార్త.

స్మృతి నిర్వహణ సంఘానికి ప్రత్యేకాధికారిగా జిల్లా నుంచి చిదంబరేశ్వరరావుగారు వచ్చారు. ఆయనకు ఊరు కొత్త, ఉత్సాహం పాతది. కుర్చీలో కూర్చుంటూనే, "ఈ మహత్తర విషాద సందర్భాన్ని మనమంతా కలిసికట్టుగా విజయవంతం చేయవలసి ఉన్నది," అన్నారు. సువార్త రాసిన ప్రసంగ పాఠం తీసి, ఎర్ర పెన్ను మూత విప్పారు.

మొదటి దెబ్బ జర్మనీకి తగిలింది. ఆ దేశపు కంపెనీ ఒకటి జిల్లాలో సైకిళ్ళ ఫ్యాక్టరీ పెట్టబోతున్నందున వారి మనోభావాల దృష్ట్యా 'ఒకానొక దేశం' అని మార్చారు. ఆ దేశపు నియంత మీసం సభకు రాబోయే ముఖ్య అతిథిగారి మీసాన్ని పోలి ఉందని ఎవరో గుర్తుచేసేసరికి నియంతను పూర్తిగా తీసేశారు.

"నియంత లేకపోతే చంపిందెవరండీ?" అంది సువార్త.

"చంపడం అనే పదమే అభ్యంతరకరం మేడం. చంపారు అనగానే ఎవరు అనే ప్రశ్న ఉత్పన్నమగును. మరణించారు అందాం."

"మరణించారంటే ఎందుకు అని అడుగుతారు గదా సార్," అన్నారు కోటిలింగంగారు బెదురుగా.

అధికారిగారు ఆలోచనలో పడ్డారు. మరణించారు కాస్తా దూరమయ్యారు అయింది. దూరమయ్యారంటే పిల్లలు దిగులు పడతారని ఒకరన్నారు. చివరికి 'అందుబాటులో లేరు' అన్నది అందరికీ నచ్చింది. ఇక అరవై లక్షలన్న అంకె మిగిలింది. అంకెల మీద అభిప్రాయభేదాలు రావచ్చని దాన్ని 'పలువురు' చేశారు. ఎవరి చేతా కాకుండా, ఎందుకో తెలియకుండా, ఒకానొక దేశంలో పలువురు అందుబాటులో లేకుండా పోయారు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని సమోసాలు తిన్నారు.

సువార్తకు ఒళ్ళు మండిపోయింది. కానీ రాయి పని ఉంది గనక పళ్ళు బిగించి అర్జీ ముందుకు తోసింది. "సార్, మా దిగువపేటలో స్మారకం ఉందండీ. పేర్లు చెక్కుకోడానికి అనుమతి కావాలి."

సంఘమంతా కార్లలో కాలవ గట్టుకు వెళ్ళింది. చిదంబరేశ్వరరావుగారు ఖాళీ రాయి చుట్టూ ప్రదక్షిణంగా తిరిగారు. కళ్ళజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు. ఆయన మొహం విప్పారింది.

"అద్భుతం! ఎవరి పేరూ లేదు, ఎవరి మీదా నింద లేదు. కులం లేదు, మతం లేదు, తేదీ కూడా లేదు! మేడం, ఇటువంటి స్మారకం కోసమే కదా ఉత్తర్వు వెతుకుతున్నది. దీన్ని 'దిగువపేట నమూనా'గా జిల్లా అంతటికీ సిఫారసు చేస్తాను."

"పేర్లు సార్..."

"పేర్లు పెడితే పాడైపోతుంది," అన్నారాయన రాయిని ఆప్యాయంగా తడుతూ. "పేర్లున్న చోటనే మనోభావాలుండును."

సువార్త ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని తినలేకపోయింది. "ఏమన్నాడే ఆ ఆఫీసరు?" అని దానమ్మ అడిగితే, "రాయి బాగుందన్నాడమ్మా," అని చెప్పింది.

ప్రసంగంలో ఇక 'సభకు నమస్కారం', 'ధన్యవాదాలు' మాత్రమే మిగిలాయి. ఈ రెంటి మధ్యా ఏం చేయాలన్నది సమస్య అయింది. మౌనం అన్నారు అధికారిగారు. మౌనం వల్ల మనోభావాలు దెబ్బతిన్న దాఖలా ప్రపంచంలో ఎక్కడా లేదన్నారు.

మామూలుగా అయితే గుండ్లవాగులో రెండు నిమిషాల మౌనమంటే పదో అంకె లెక్కపెట్టేలోపు ఎవరో దగ్గి కూర్చుంటారు. ఈసారి అట్లా కుదరదని, మండలాల మధ్య మౌనానికి పోటీ పెట్టారు. పక్క మండలం ఐదు నిమిషాలు చేస్తుందట అని తెలిసి మనవాళ్ళు పది అన్నారు. వాళ్ళు పదిహేను అనేసరికి చిదంబరేశ్వరరావుగారు బల్ల గుద్ది అరగంట అన్నారు. కాలుష్యం కొలిచేవాళ్ళ దగ్గర్నుంచి చప్పుడు కొలిచే యంత్రం తెప్పించారు. టీచర్లందరికీ మౌన శిక్షణ తరగతులు పెట్టారు. శిక్షణ ఇవ్వడానికి వచ్చిన పెద్దమనిషి పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా మైకులో మాట్లాడాడు. పిల్లలు గొంతులు పోయేటట్టు 'మౌనం, మౌనం' అని అరుస్తూ ఊరేగింపు చేశారు. కోడిపుంజులున్న ఇళ్ళకు ముందస్తు నోటీసులు వెళ్ళాయి. ప్రెషర్ కుక్కర్లు ఆ పూట పొయ్యెక్కించరాదని టముకు వేయించారు. నెలలు నిండిన ఒకావిడను, ఏమైనా ముంచుకొస్తే కష్టమని, ముందు రోజే జీపులో పక్క మండలానికి పంపించేశారు.

మౌనం మూల మూలకూ వినపడాలి గనక వీధి వీధికీ స్తంభాలకు మైకులు కట్టారు. పెద్దవీధిలో అయితే ఇంటికొక మైకు. ఇవన్నీ కాక అధికారిగారు స్వయంగా ఒక ఉత్తర్వు రాశారు. మౌన సమయంలో ఏ స్థాయి అధికారి అయినను, ఏ కారణము చేతనైనను నోరు తెరిచిన యెడల తక్షణం సస్పెండు చేయబడును. తన పేరే ముందు రాసి సంతకం పెట్టుకున్నారు.

తీరా స్మృతిదినం వచ్చేసరికి సభ పెట్టిన మైదానంలో జనం లేరు. పిల్లలు ఏ బడికి ఆ బడిలో మౌనంగా ఉన్నారు. ఉద్యోగులంతా వీధుల్లో మౌనం కాస్తున్నారు. కుర్చీలన్నీ ఖాళీ.

"ఫొటోలో జనం కనపడాలి గదండీ!" అని చిదంబరేశ్వరరావుగారు కంగారుపడ్డారు.

"దిగువపేట ఆడోళ్ళు ఇవాళ పనికి పోలేదంట సార్. ఆటోల్లో తోలుకొస్తా," అన్నారు కోటిలింగంగారు.

దానమ్మ ముందు వరుసలో కూర్చుంది. మైకు ఆమెకు రెండు బారల దూరంలో ఉంది, పక్కనే చప్పుడు కొలిచే యంత్రం. వేదిక మీద పెద్ద ఫ్లెక్సీలో పేట రాయి ఫొటో. ఏమైనా ఇవాళ తన రాయిని ఇంత పెద్దది చేసి సభలో పెట్టారు గదా అని ఆమె సంబరపడిపోయింది. జ్యోతి వెలిగించారు. ముఖ్య అతిథిగారికి శాలువా కప్పారు. ఆయన మీసం అలాగే ఉంది.

"అందుబాటులో లేని వారందరి స్మృత్యర్థం లేచి నిలబడి, తలలు వంచి, మౌనం పాటిద్దాం," అన్నారు చిదంబరేశ్వరరావుగారు.

ఊరు ఊరంతా ఆగిపోయింది. బస్సులు ఆగాయి. మిల్లు ఆగింది. పెద్దవీధిలో గిన్నె చప్పుడు కూడా లేదు. యంత్రంలో ముల్లు సున్నా మీద పడుకుంది. అంత నిశ్శబ్దం గుండ్లవాగు పుట్టాక వినలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. దిగువపేట చర్చిలో పోయినవాళ్ళ జ్ఞాపకార్థ కూడిక పెట్టినప్పుడు, పాస్టరుగారు లేచి నిలబడి తలలు వంచి జ్ఞాపకం చేసుకుందాం అన్నారంటే, అందరూ ఒక్కసారిగా గొంతెత్తి తమ తమ వాళ్ళను పేరు పెట్టి పిలుస్తారు. పిలవకపోతే పోయినవాళ్ళకు మనం తలుచుకున్నట్టు ఎట్లా తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. వాళ్ళకు తెలిసిన మౌనం అదొక్కటే. శిక్షణ తరగతులకు వాళ్ళనెవరూ పిలవలేదు.

దానమ్మ తల వంచి కళ్ళు మూసుకుంది.

"ఒరే మోషే! నా తండ్రీ! సాలమోను కొడకా మోషే! యాడున్నావురా నాయనా? కాలవగట్టున పడిపోయి మంచినీళ్ళడిగావు గదరా, నన్ను రానియ్యలేదు గదరా!"

ఊళ్ళో ఉన్న ప్రతి మైకూ మోషే అంది. వెనకనుంచి ఒకావిడ, "రాహేలక్కా! కడుపుతో ఉంటివి గదే!" అంది. "యాకోబూ! నా పెనిమిటీ!" "దావీదూ!" "ఇస్సాకు మామా!" పేట పేటంతా పిలిచింది. యంత్రంలో ముల్లు ఆ చివరకు ఎగిరి అక్కడే అంటుకుపోయింది.

చిదంబరేశ్వరరావుగారి మొహం కందగడ్డ అయింది. ఆపండి అనాలి. నోరు తెరిస్తే సస్పెన్షను. ఆయన చేతులు ఊపారు. కళ్ళు మూసుకున్నవాళ్ళకు చేతులేం కనపడతాయి? ఆయన కోటిలింగంగారి వైపు చూసి చెయ్యి కిందికి దించితే, ఇంకా వంగమన్నారేమో అనుకుని కోటిలింగంగారు నడుము దాకా వంగారు. ఎస్సైగారు నోటి మీద వేలు వేసుకుని ఒక్కొక్క ముసలావిడ ముందూ నిలబడి చూశాడు. మైకు సెట్టు అతను స్విచ్చి దగ్గరే ఉన్నాడు. శిక్షణ తరగతులకు మైకు పెట్టి అదంతా విన్న మనిషి గనక కళ్ళు గట్టిగా మూసుకుని విగ్రహంలా నిలబడ్డాడు. అతన్ని పేరు పెట్టి పిలిచే ధైర్యం ఎవరికీ లేదు. ముఖ్య అతిథిగారు శాలువా మొహం మీదికి లాక్కున్నారు.

అరగంట. ఒక్క నిమిషం తగ్గలేదు. పెద్దవీధిలో తలుపులేసుకున్నారు. తలుపులకు మైకు అడ్డమా? కుక్కరు కూత లేదు, టీవీ లేదు, బస్సు హారను లేదు. ఆ పేర్లు తప్ప ఊళ్ళో ఇంకేమీ వినపడలేదు. సువార్త కూడా తల వంచుకుని, టీచరునన్న సంగతి మరిచిపోయి, "అన్నా!" అని చిన్నపిల్లలా ఏడ్చింది. ఏడుపు మధ్య ఎస్సైగారి వేలు చూసి నవ్వు కూడా వచ్చింది.

మర్నాడే విచారణ మొదలైంది.

"జిల్లాలో ఆఖరి స్థానం వచ్చినది! మౌనభంగానికి బాధ్యులెవరో తేలవలెను," అని చిదంబరేశ్వరరావుగారు బల్ల మీద గుద్దారు. "మైకులో మోషే, యాకోబు, దావీదు, ఇస్సాకు, రాహేలు అను పేర్లు స్పష్టముగా, పదే పదే వినిపించినవి. అందరూ వాళ్ళనే పిలిచారంటే వాళ్ళే నాయకులన్న మాట. మేడం, వీళ్ళు మీ పేటవారేనా?"

అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పాలనుకుంది సువార్త.

"మా పేటవాళ్ళేనండి."

"ఎక్కడుంటారు?"

"కాలవ గట్టున, రాయి దగ్గరండి."

"శాశ్వత చిరునామాయేనా?"

"శాశ్వతమేనండి. అక్కణ్ణుంచి ఎక్కడికీ పోరు."

కోటిలింగంగారు తలెత్తి ఫ్యాను వంక చూస్తూ ఉండిపోయారు. ఆయన ఈ ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నారు.

"తండ్రి పేర్లతో సహా ఇవ్వండి. వయస్సులు?" అన్నారు అధికారిగారు.

సువార్త నోరు తెరిచేలోపు, "నోటీసుకి వయసు అక్కర్లేదు సార్. నేను టైపు చేయిస్తాగా," అన్నారు కోటిలింగంగారు గబగబా. ఆయన ఉద్యోగంలో చేరాక అడక్కుండా మాట్లాడింది అదే మొదటిసారి కావచ్చు.

రెండు రోజుల తర్వాత ఆఫీసు బంట్రోతు అంకారావు ఉడికించిన మైదాపిండి జిగురు డబ్బా, కుంచె, కాగితాలు తీసుకుని దిగువపేటకు వచ్చాడు. అతనిది పక్క తాలూకా. నోటీసు అందుకోవలసిన మనిషి కనపడకపోతే చిరునామాలో ఉన్న చోట అంటించి రావాలని రూలు. అతను రాయి చుట్టూ చూశాడు. మనుషులెవరూ లేరు. రాయికి మైదా పూసి ఐదు నోటీసులూ వరుసగా అంటించాడు. అన్నీ పెద్ద అక్షరాలు, అన్నిటి మీదా గుండ్రటి ముద్ర.

దానమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది, వెనక సువార్త. దానమ్మ మొదటి కాగితం మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది.

"ఇది మోషే గదే?"

"మోషేనమ్మా. సాలమోను కొడుకు మోషే, దిగువపేట, గుండ్లవాగు మండలం."

"గవర్నమెంటోళ్ళే రాశారా?"

"వాళ్ళేనమ్మా. ముద్ర కూడా వేశారు."

"ఏమని రాశారే?"

"వారం లోపల ఆఫీసుకొచ్చి, ఎందుకు మాట్లాడావో చెప్పమని."

దానమ్మ కళ్ళు తుడుచుకుంది. పేట జనం ఒక్కొక్కరే వచ్చి తమ తమ కాగితం ముందు నిలబడ్డారు. పెద్దవీధి కుర్రాళ్ళిద్దరు మోటారు సైకిలు ఆపి, దిగి, కాగితం అంచు మీద చెయ్యి వేశారు.

"ఏయ్! చెయ్యి తియ్యండి!" అని గర్జించాడు అంకారావు. "అడుగున ఏముందో చదవండి. ప్రభుత్వ నోటీసు చింపినా చెరిపినా శిక్షార్హులు! చూసుకోండి మరి, జైలే!"

వాళ్ళు చదివారు. పైనున్న పేర్లు కూడా చదివారు. మోటారు సైకిలెక్కి వెళ్ళిపోయారు.

"వానొస్తే కరిగిపోతయ్యేమో నాయనా?" అంది దానమ్మ.

"కరిగితే మళ్ళీ అంటిస్తానమ్మా. వాళ్ళొచ్చి సంజాయిషీ ఇస్తేగాని ఫైలు మూయరు. ఫైలు మూసిందాకా నెల నెలా రిమైండరు అంటించాల. నేను రిటైరైతే నా తర్వాతోడు అంటిస్తాడు. అదంతే."

దానమ్మ రాయినీ కాగితాన్నీ ఒకసారి నిమిరింది.

"అయితే ఆ మైదా ఇంకాస్త దట్టంగా పుయ్యి నాయనా," అంది.